దీపం పడని మనిషి ఉన్న సెల్లార్‌లో ఏడాదిన్నర: నా అనుభవం

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నాకు రెండు విషయాలు చెప్పారు. పబ్ కింద గుహల్లో బీర్ పీపాలుంచే సెల్లార్ తాళంచెవి ఎక్కడ వేలాడదీస్తారో ఒకటి. సెల్లార్‌లో చివరి గుహలో ఒకాయన ఉంటాడని, ఆయనకు దీపం పడదని రెండోది. తాళంచెవి సంగతి ఎంత మామూలుగా చెప్పారో ఆయన సంగతీ అంతే మామూలుగా చెప్పారు. కొవ్వొత్తి పట్టుకుని వెళ్తే ఊదేస్తాడట. ఊదేశాక కూడా లెక్కచేయకుండా ముందుకు వెళ్తే వదలడట.

నేను ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌కు మెకానికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్సీ చేయడానికి వెళ్లాను. స్టూడెంట్ వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పని చేయాలి. ఆ 20 గంటలు ఎక్కడ దొరుకుతాయా అని నెలన్నర తిరిగాను. వేర్‌హౌస్‌లు ఊరి బయట, బస్సు ఖర్చు ఎక్కువ. చివరికి సిటీ సెంటర్‌లో ఒక పాత పబ్ అద్దానికి 'స్టాఫ్ కావాలి' అని కాగితం అంటించి ఉంటే లోపలికి వెళ్లి అడిగాను. ఆ పబ్ పేరు ఇక్కడ రాయను. నాకు పని నేర్పినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

అమ్మకు ఫోన్‌లో చెప్పడానికి మూడు రోజులు పట్టింది. "బారులో పనిచేస్తాండావా? మీ నాయనకు ఏమని చెప్పల్ల?" అంది. హోటల్ లాంటిదే అమ్మా, అన్నం కూడా పెడతారు అన్నాను. అది అబద్ధమేమీ కాదు. అక్కడ మధ్యాహ్నం పిల్లాపాపలతో వచ్చి భోంచేసి వెళ్లేవాళ్లే ఎక్కువ. కానీ నంద్యాల పక్క పల్లెలో కూర్చున్న అమ్మకు ఆ తేడా ఎలా వివరించను? కొన్నాళ్లకు నాయనకు తెలిసింది. ఏమీ అనలేదు, "రాత్రి ఇంటికి ఎట్ల పోతావు?" అని మాత్రం అడిగారు.

మొదటి నెలంతా పైన బార్ వెనకే. గ్లాసు ఎంత వాల్చి పట్టుకోవాలి, నురుగు ఎంత ఉండాలి, పాతికేళ్ల లోపు కనిపించినవాళ్ల దగ్గర వయసు కార్డు ఎలా అడగాలి, తాగింది చాలు అని ఒకరికి మర్యాదగా ఎలా చెప్పాలి, ఇవే. ఇదంతా రెండు వారాల్లో చేతికి వచ్చేసింది. నేను రాయాలనుకున్నది కిందున్న పని గురించి.

నాటింగ్‌హామ్ ఊరు మొత్తం మెత్తని ఇసుకరాయి మీద ఉంది. ఇనుప పనిముట్టుతో చేత్తోనే తవ్వుకోవచ్చు, అయినా పైకప్పు కూలకుండా నిలబడుతుంది. తొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఆసర్ అనే వేల్స్ సన్యాసి ఈ ఊరిని గుహల ఇల్లు అనే అర్థమొచ్చే పేరుతో రాశాడు. ఇప్పటిదాకా గుర్తించినవే 800 పైగా ఉన్నాయి. అన్నీ మనుషులు తవ్వినవే. కొన్నింట్లో తోళ్లు ఊనారు, కొన్నింట్లో బీదవాళ్లు కాపురాలు చేశారు. 1845లో వచ్చిన ఒక చట్టంతో గుహలను ఇళ్లుగా అద్దెకివ్వడం ఆపారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడుతుంటే జనం మళ్లీ వాటిలోకే దిగి తలదాచుకున్నారు. పాత పబ్‌ల కింద ఉన్నవైతే సెల్లార్‌లుగా నేటికీ పనిచేస్తున్నాయి.

మా సెల్లార్‌కు ఇరవై రెండు మెట్లు. ప్రతి మెట్టూ మధ్యలో గిన్నెలా అరిగిపోయి ఉంటుంది, అందుకే గోడవారగా అడుగు వేయాలి. గోడ మీద చెయ్యి పెడితే ఉలి గాట్లు వేళ్లకు తగులుతాయి, ఒక్కో గాటు జానెడు పొడుగు, అన్నీ ఒకే వాలులో. కొట్టినవాడు కుడిచేతివాటం మనిషి అని పెద్దాయన చెప్పేవారు. పైనుంచి సన్నని ఇసుక రాలుతూ ఉంటుంది. షిఫ్టు అయ్యాక ఇంటికెళ్లి సాక్సులు దులిపితే చిటికెడు ఇసుక పడేది.

పెద్దాయన అంటే సెల్లార్ చూసుకునే ఆయన. అరవై దాటిన మనిషి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆ ఊళ్లో అందరినీ ముద్దుగా 'మి డక్' అని పిలుస్తారు, బస్సు డ్రైవరు నుంచి బ్యాంకులో ఆవిడ దాకా. నన్నూ అలాగే పిలిచేవారు. తన తర్వాత ఎవరో ఒకరికి ఈ పని రావాలని ఆయన తపన. కుర్రాళ్లెవరూ కిందికి రావడానికి ఇష్టపడేవారు కాదు. ఒకరోజు "నీకు మెషీన్లంటే ఇష్టమట కదా, వస్తావా?" అన్నారు. వస్తానన్నాను. చలి, తడి వాసన, చివరి గుహ వైపు పసుపురంగు బల్బు ఒక్కటే. టెన్షన్‌తో చెవుల్లో నా గుండె చప్పుడే వినిపించింది.

సంప్రదాయ ఇంగ్లిష్ బీర్ పీపాలోకి వచ్చేసరికి ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. లోపల ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది. అందుకని బ్రూవరీ సగం పనే చేసి పంపుతుంది, మిగతా సగం సెల్లార్‌లో జరగాలి. మేం వాడే పీపా పేరు ఫర్కిన్, తొమ్మిది గ్యాలన్లు, అంటే దాదాపు 41 లీటర్లు, 72 పైంట్లు. వీధిలో ఉన్న తలుపు తెరిచి, వాలు పట్టాల మీదుగా కిందికి జార్చుతారు. దాన్ని దిమ్మె మీద పడుకోబెట్టి, దొర్లకుండా రెండు పక్కలా చెక్క చీలికలు దోపాలి. పైన పొట్ట మీద ఉన్న బిరడాలోకి మెత్తని చెక్క చీల ఒకటి కొట్టాలి. ఆ చీలకు సన్నని రంధ్రాలుంటాయి, లోపలి గ్యాస్ 'స్స్' మంటూ బయటికొస్తుంది. నురుగు పొంగుతుంది, తుడుస్తాం, మళ్లీ పొంగుతుంది. పొంగడం తగ్గాక గట్టి చీల పెట్టి బిగిస్తాం. మడ్డి అడుక్కి దిగడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంచితే తేటగా అవుతుంది. తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పులిసిపోతుంది.

ఇదంతా ఆయన చెబుతుంటే నాకు మా జేజి పాలు తోడుపెట్టడమే గుర్తొచ్చింది. పాలు ఎంత వెచ్చగా ఉండాలో వేలు పెట్టి చూసేది, తోడు వేశాక కుండ కదిలిస్తే ఊరుకునేది కాదు. అక్కడా అంతే. 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. మా గుహ ఎండాకాలమైనా చలికాలమైనా సుమారు 14 దగ్గరే నిలుస్తుంది, ఆ పైన ఒకటి రెండు డిగ్రీలు తగ్గించడానికి మాత్రం చిన్న కూలింగ్ మెషీన్ ఉంది. వందల ఏళ్ల కిందట వాళ్లకు ఆ మెషీనూ లేదు. రాయి ఇచ్చిన చల్లదనంతోనే నడిపారు.

కొళాయి దిగ్గొట్టడం అన్నిటికన్నా కష్టం. పీపా ముందు భాగంలో ఉన్న చెక్క బిరడాలోకి కొళాయిని చెక్క సుత్తితో ఒక్క దెబ్బకు దించాలి. "కొట్టేటప్పుడు ఆలోచించకు" అన్నారు పెద్దాయన. నేను ఆలోచించాను. మెల్లగా మూడు దెబ్బలు వేశాను. రెండో దెబ్బకే బిరడా సగం విరిగి, ముఖం మీదికి, జుట్టులోకి, గోడ దాకా బీర్ చిమ్మింది. ఆయన ఏమీ అనలేదు. బొటనవేలితో ఒక పక్క అదిమిపట్టి, నా చేతిలో సుత్తి తీసుకుని టక్కుమని ఒక్కటి వేశారు. ఆగిపోయింది. ఆ తర్వాత వారం రోజులు ఖాళీ పీపాల మీద నాతో అదే కొట్టించారు. నాలుగో వారానికి ఒక్క దెబ్బ పడింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ తెలుసు, తలుపు గడియ సరిగ్గా పడినట్టు ఉంటుంది.

ఇక భయం సంగతి. ఒంటరిగా దిగడం మొదలుపెట్టాక మొదటి పదిహేను రోజులు నాకు కింద ఎవరో ఉన్నారనే అనిపించింది. వెనక గుటక వేసిన చప్పుడు. చివరి గుహలో ఎవరో గోరుతో చెక్క మీద గీకినట్టు. ఒక్కోసారి మెడ వెనక చల్లగా ఊపిరి. మనసులో ఆంజనేయ దండకం చదువుకుంటూ పీపాలు సర్దేదాన్ని. పెద్దాయనకు చెబితే నవ్వలేదు. "కూర్చో" అని ఒక ఖాళీ పీపా చూపించారు. ఇద్దరం పావుగంట మాట్లాడకుండా కూర్చున్నాం. ప్రతి చప్పుడుకూ ఆయన వేలు అటు చూపి చెప్పేవారు. గుటక వేసింది ఫలానా పీపాలో గ్యాస్. గీకింది గోడలోంచి రాలిన ఇసుక పాత పలక మీద పడటం. ఊపిరి, కూలింగ్ ఫ్యాన్ ఆగినప్పుడు మెట్ల మీదినుంచి దిగే గాలి. తొమ్మిదో పదో చప్పుళ్లు అయ్యాయి. ఒకదానికి మాత్రం ఆయన వేలెత్తలేదు. చివరి గుహలోంచి, అడుగు మార్చినట్టు చిన్న చప్పుడు.

"అదేంటి?" అన్నాను.

"అది ఆయన" అన్నారు, అంతే మామూలుగా.

అప్పుడే మా క్లాసులో వైబ్రేషన్స్ చెప్పే మాస్టారు విక్ టాండీ సంగతి చెప్పారు. టాండీ ఒక ఇంజనీరు. వైద్య పరికరాలు తయారుచేసే చోట పనిచేసేటప్పుడు, రాత్రి ఒంటరిగా ఉండగా కంటి చివర బూడిదరంగు ఆకారం కనిపించింది, చెమటలు పట్టాయి. మర్నాడు కత్తిసాము పోటీకి తన కత్తిని సరిచేసుకుందామని పట్టుకారులో బిగిస్తే, ఎవరూ ముట్టకుండానే కత్తి వణకడం మొదలైంది. దెయ్యం అనుకుని పారిపోకుండా ఆ వణుకు ఎక్కడ ఎక్కువో ఎక్కడ తక్కువో కొలుస్తూ వెళ్లాడు. కొత్తగా బిగించిన ఫ్యాన్ ఒకటి సెకనుకు 19 కంపనాల దగ్గర, చెవికి వినపడని శబ్దంతో గదంతా నింపుతోందని తేలింది. 1998లో దీన్ని పేపర్‌గా రాశారు. తర్వాత ఆయనే కోవెంట్రీలో ఒక 14వ శతాబ్దపు సెల్లార్‌లో అలాంటిదే కొలిచారు. కోవెంట్రీ మాకు గంటన్నర దూరం కూడా లేదు.

అది విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు, భయంతో కాదు. మర్నాడు ఫోన్‌ను చివరి దిమ్మె మీద పెట్టి కంపనాలు కొలిచే యాప్ పెట్టాను. 19 రాలేదు. 24 వచ్చింది, అది కూలింగ్ మెషీన్ మోటారు తిరిగే వేగం. మెషీన్ ఆపేస్తే గీత చదునైపోయింది. కానీ ఎవరో ఉన్నారనే ఆ భావన మెషీన్ ఆపాక కూడా పోలేదు. నిజానికి టాండీ చెప్పినదాన్ని తర్వాత చేసిన ప్రయోగాలన్నీ బలపరచలేదు. నా కొలత నాకు చెప్పింది ఒక్కటే, మోటారు కింద రబ్బరు దిండ్లు పాతబడ్డాయని. మార్పించాం. పీపాల్లో మడ్డి ఇంకాస్త త్వరగా కూర్చోవడం మొదలైంది.

ఇది చదివేవాళ్లలో నాటింగ్‌హామ్ వెళ్లినవాళ్లుంటే 'ట్రిప్ టు జెరూసలేం' గురించి రాయలేదేమని అడుగుతారు. దెయ్యాల పబ్ అనగానే ఆ ఊళ్లో అందరూ చూపించేది దాన్నే. కోట ఉన్న కొండ అడుగున, కొండనే తొలిచి కట్టారు. గోడ మీద 1189 అని రాసి ఉంటుంది, రిచర్డ్ రాజు గద్దెనెక్కిన ఏడాది. జెరూసలేం యుద్ధానికి పోయే సైనికులు అక్కడ ఆగి తాగి వెళ్లారని చెబుతారు. కట్టడం మాత్రం 17వ శతాబ్దానిది, ఇప్పటి పేరు 1799 నుంచి వస్తోంది, అంతకుముందు 'పిల్‌గ్రిమ్' అనేవారు. అదే ఊళ్లో బెల్, సెల్యుటేషన్ అని ఇంకో రెండు పబ్‌లున్నాయి, పాతదనంలో మాదే ముందంటే మాదే ముందంటాయి. బెల్‌లో దూలాలను పరీక్షిస్తే 1420 ప్రాంతం తేలింది. నాకైతే ఈ పోటీలో ఎవరు గెలిచినా ఒకటే. వాటి కింద ఉన్న గుహలు వీటన్నిటికన్నా ముందువి కావచ్చు, వాటికి బోర్డులు లేవు.

ట్రిప్‌లో పై గదిలో గాజుపెట్టెలో ఒక చిన్న చెక్క ఓడ బొమ్మ ఉంది. దాన్ని దులిపిన వాళ్లంతా అంతుపట్టకుండా చనిపోయారట, అందుకని ఎవరూ ముట్టుకోరు. ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ముతో అది ఓడలా కాదు, ఎండిన తేనెతుట్టెలా ఉంటుంది. దుమ్ము కింద బల్లల మీది గ్లాసుల్లో రాలుతోందని గాజుపెట్టె చేయించారు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. అంతమంది యజమానులు మారినా, ఒక్కరు కూడా గుడ్డ పట్టుకుని తుడవకపోవడం నాకు మూఢనమ్మకంలా అనిపించలేదు. మా ఊళ్లో వేపచెట్టు కింద రాయిని ఎవరూ కదిలించరు. రోడ్డు వేసినప్పుడు కూడా దాని పక్కనుంచే వంపు తిప్పారు.

ఆ కొండలోనే మోర్టిమర్స్ హోల్ అనే సొరంగం ఉంది. 1330 అక్టోబర్ 19 రాత్రి, ఇంకా పద్దెనిమిది నిండని మూడో ఎడ్వర్డ్ రాజు మనుషులు రహస్య దారిలో కోటలోకి వెళ్లి రోజర్ మోర్టిమర్‌ను పట్టుకున్నారు. రాజు తల్లి ఇసబెల్లా, మోర్టిమర్ కలిసి అప్పటిదాకా రాజ్యం నడిపించారు. ఆమె కొడుకును దయ చూపమని వేడుకుందని, ఆ కేకే ఇప్పటికీ కొండలో వినిపిస్తుందని అంటారు. నవంబర్‌లో మోర్టిమర్‌ను లండన్‌లో ఉరితీశారు. గైడు ఈ కథ చెప్పగానే మాతో వచ్చిన వాళ్లంతా చప్పుడు చేయకుండా చెవులు రిక్కించారు. నేనూ విన్నాను. ఏమీ వినపడలేదు. కానీ ఇసబెల్లాకూ, మోర్టిమర్‌కూ పేర్లున్నాయి, తేదీలున్నాయి. మా సెల్లార్‌లో ఆయనకు పేరు కూడా లేదే అనిపించింది. బస్సులో తిరిగొస్తూ అదే ఆలోచన.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. పైన నిలబడటానికి చోటు లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక పీపా అయిపోయింది, కిందికెళ్లి గొట్టం ఇంకో పీపాకు మార్చాలి. తలుపు దగ్గరికి వెళ్లేసరికి పక్కన గోడకున్న పెట్టె మీద ఎర్రలైటు మిణుకుమిణుకుమంటోంది. అది కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరం. రోజూ సున్నా దశాంశం సున్నా ఆరో ఏడో చూపించేది ఆ రాత్రి 1.8 శాతం చూపిస్తోంది. 1.5 దాటితే మోగాలి. మోగుతూనే ఉంది, పైన గోలలో ఎవరికీ వినపడలేదు.

ఆ రాత్రి షిఫ్టు చూస్తున్నవాళ్లు "అది ఊరికే మోగుతుంది, నిమిషంలో వెళ్లి వచ్చెయ్" అన్నారు. కౌంటరు ముందు జనం గ్లాసులు చూపించి అరుస్తున్నారు. నా చెయ్యి గడియ మీదే ఉంది. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది క్లాసూ కాదు, ట్రైనింగూ కాదు. మా ఇంటి ముందర జొన్నల పాతర.

మా జేజినాయన కాలంలో మా ఊళ్లో జొన్నలు పాతరల్లో పోసేవాళ్లు. ఇంటి ముందు మనిషి లోతుకు పైగా తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, మూతికి నాపబండ వేసి మట్టితో మెత్తేవాళ్లు. వానల్లో తీసేటప్పుడు బండ తెరిచి వెంటనే ఎవరూ దిగేవాళ్లు కాదు. పాతరలో 'అది' ఉంటుంది, తొందరపడి దిగినవాణ్ని లాగేసుకుంటుంది అని జేజి మాకు చెప్పేది. జేజినాయన మాత్రం తాడుకు లాంతరు కట్టి దించేవాడు. "దీపం నిలిస్తే మనిషి దిగల్ల, ఆరితే ఆగల్ల" అనేవాడు. గింజలు కూడా ఊపిరి పీలుస్తాయి. మూసిన గుంతలో గాలిలో ఆక్సిజన్‌ను తినేసి బొగ్గుపులుసు వాయువు, అంటే అదే కార్బన్ డయాక్సైడ్, వదులుతాయి. అది గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, అడుగున కూర్చుంటుంది. రంగు లేదు, కంటికి కనపడదు.

నేను గడియ మీదినుంచి చెయ్యి తీసేసి, దిగనని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్దాయనకు ఫోన్ చేస్తే ఆయన ఆ మోకాళ్లతోనే పది నిమిషాల్లో వచ్చారు. వీధి వైపున్న పీపాల తలుపు బయటినుంచే తెరిపించి, ఫ్యాన్ స్విచ్ వేయించి, తలుపు ముందు తనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఎవరూ దిగకుండా. అంకె తగ్గడానికి నలభై నిమిషాలు పైనే పట్టింది. మర్నాడు టెక్నీషియన్ వచ్చి చూస్తే, మధ్యాహ్నం మార్చిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బిగింపు దగ్గర వాషర్ సరిగ్గా కూర్చోలేదు. అంతే. గోరంత వాషర్.

నేను ఇంజనీరుగా ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. దీపం పరీక్ష సరిపోదు. కొవ్వొత్తి ఆరాలంటే ఆ వాయువు చాలా ఎక్కువ పేరుకోవాలి. అంతకన్నా ముందే, మూడు శాతం దగ్గరే ఊపిరి బరువెక్కి తలనొప్పి మొదలవుతుంది. ఆ రాత్రి 1.8 దగ్గర కొవ్వొత్తి హాయిగా వెలిగేది. దీపం ఆరితే దిగకూడదన్నది నిజం, వెలుగుతోంది కదా అని దిగొచ్చన్నది నిజం కాదు. మన ఊళ్లలో ఇప్పటికీ పూడు బావుల్లో, డ్రైనేజీ గుంతల్లో ఒకరు దిగి పడిపోతే, ఆయన్ని తీయడానికి ఇంకొకరు, ఆ ఇంకొకరి కోసం మరొకరు దిగి చనిపోతున్నారు. పేపర్లో ఆ వార్త చదివిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పుతుంది. పడినవాళ్లను చూసి వెంటనే దూకకండి. బయటినుంచి గాలి పంపండి, ఫైర్ వాళ్లను పిలవండి.

ఆ శనివారం సెల్లార్ ఖాళీగా ఉన్నప్పుడు పెద్దాయనను అడిగాను, చివరి గుహలో పాతకాలంలో ఏం చేసేవారని. ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్లి టార్చి నేల మీద వేశారు. నేల మిగతా గుహ కన్నా మూడడుగులు పల్లంగా ఉంది. పక్కన గోడలో గుండ్రని బొరియ, చుట్టూ రాయి కాలి ఎర్రబారింది. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఆ పొయ్యి మీద వేడికి ఎండబెట్టేవారట. నాటింగ్‌హామ్ గుహల్లో ఇలాంటి మాల్ట్ పొయ్యిలు చాలా చోట్ల దొరికాయి. నాకు ఒళ్లు జలదరించింది. మొలకెత్తే గింజ ఊపిరి పీలుస్తుంది. పులిసే బీర్ అదే వాయువు వదులుతుంది. మూడడుగుల పల్లం. వెలుతురుకు కొవ్వొత్తి తప్ప ఇంకేమీ లేని రోజులు.

"ఆయన దీపం ఆర్పుతాడని ఎవరు చెప్పారు మీకు?" అని అడిగాను.

"నాకు నేర్పినాయన. ఆయనకు ఆయన నేర్పినవాడు. పల్లంలో దీపం ఆరితే వెనక్కి వచ్చెయ్, ఆయనతో వాదించకు, అని" అన్నారు. కాసేపాగి, "ఇక్కడ ఎవరో ఒకరు పోయే ఉంటారు డక్. లేకపోతే ఆ మాట ఎందుకు పుడుతుంది?" అన్నారు.

నేనూ అదే నమ్ముతున్నాను. వాయువు సంగతి తెలిసినంత మాత్రాన ఆయన లేడని నేననను. ఆ పల్లంలో ఒక మనిషి పోయి ఉంటాడు, అతని వెనక వచ్చినవాళ్లు చదువురానివాళ్లయి ఉంటారు, రసాయన శాస్త్రం ఇంకా పుట్టి ఉండదు. వాళ్లకు తెలిసిన పద్ధతిలో, మరచిపోలేని విధంగా తర్వాతి వాళ్లకు చెప్పి వెళ్లారు. ఆ మాట ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు మారుతూ నా దాకా వచ్చింది. అడుగు మార్చిన చప్పుడు ఏమిటో మాత్రం నాకు ఈ రోజుకీ తెలియదు.

అప్పటినుంచి నేను కూడా పెద్దాయన లాగే చేయడం మొదలుపెట్టాను. రాత్రి లైట్లు తీసేముందు చివరి గుహ వైపు తిరిగి ఒక మాట చెప్పి రావాలి. ఆయన 'నైట్, డక్' అనేవారు. నేను తెలుగులో "వెళ్లొస్తానండీ" అనేదాన్ని. నాకన్నా పెద్దాయన కదా.

జేజికి ఇదంతా వీడియో కాల్‌లో చెప్పాను. ఎనభై ఏళ్ల మనిషి. పబ్ అంటే ఏమిటో ఆమెకు పట్టలేదు, పాతర అంటే మాత్రం వెంటనే పట్టింది. అన్నీ విని అడిగింది:

"ఆయప్పకు పేరేం?"

"తెలీదు జేజీ."

"పెట్టేటోళ్లు ఎవురూ లేరా?"

అక్కడ అలాంటిది ఉండదని చెప్పాను. ఏమీ అనలేదు. అక్టోబర్‌లో పెద్దల అమావాస్య రోజు అమ్మ ఫోటో పంపింది. విస్తళ్లు వరసగా వేసి ఉన్నాయి, జేజినాయనకు, ఆయన తల్లిదండ్రులకు, చిన్నప్పుడే పోయిన మా మేనత్తకు. చివర్న కాస్త పక్కగా ఇంకొక విస్తరి. అందులో అన్నం, వడలు, బెల్లం పాయసం. అదెవరికి అని అడిగితే, "మీ జేజి ఏసింది. నువ్వు పనిచేసే కాడ ఉండే పెద్దమనిషికంట" అంది అమ్మ.

ఆ సాయంత్రం షిఫ్టులో పెద్దాయనకు ఫోన్ చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఫోటోను వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో విస్తరి ఎవరిదో అడిగి తెలుసుకున్నారు. చివరి దాని దగ్గర ఆగిపోయారు. ఆ తెల్లగా ఉన్నది అన్నమేనా, ఆ గుండ్రనివి ఏమిటి, తియ్యగా ఉంటుందా అని అడిగారు. అన్నీ చెప్పాను. ఫోన్ నా చేతికిచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకున్నారు.

"సరే" అన్నారు. "రాత్రి తాళం వేసేటప్పుడు ఆయనకు చెబుతాను."